అరువు గొంతుతో ఏ దేశం వెళ్లగలను?

ప్రశ్న: యూసుఫ్‌గూడ నటి

అందరికీ నమస్కారం. నా వయసు 24 ఏళ్లు. పుట్టి పెరిగింది మెహదీపట్నంలో. నాలుగేళ్లుగా యూసుఫ్‌గూడలో అద్దెకు ఉంటూ నాటకాల్లోనూ, ఈమధ్య సినిమాల్లోనూ నటిస్తున్నాను. అమ్మానాన్నలది నల్లగొండ ప్రాంతం కనుక ఇంట్లో అక్కడి తెలుగే మాట్లాడతాం. మా వాడకట్టులో చిన్నప్పటి నుంచి దక్కనీ ఉర్దూ వింటూ, మాట్లాడుతూ పెరిగాను కాబట్టి అది నాకు విడిగా నేర్చుకున్న భాషలా అనిపించదు. చదువు ఇంగ్లీషులో సాగింది. డిగ్రీలో ఉండగా ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో చేరి, ఆ తర్వాత ఉద్యోగం చేస్తూ కూడా వదలకుండా చదివి, ఫ్రెంచిలో ఆరు మెట్లలో నాలుగోదైన బి2 స్థాయి పరీక్ష పూర్తి చేశాను. లామకాన్‌లోనూ రవీంద్రభారతిలోనూ తెలుగు, ఉర్దూ నాటకాలు వేశాను. ఈ నాలుగు భాషల్లోనూ నటించాలని, ఒక దేశానికే పరిమితం కాని నటిగా బతకాలని నా కోరిక. ఇంట్లో దీన్ని అత్యాశ అంటారు, కానీ నాకు ఇంతకన్నా గట్టి కోరిక మరొకటి లేదు.

పోయిన ఏడాది ఒక తెలుగు సినిమాలో కథానాయికకు అక్కగా నటించాను. మొత్తం 21 రోజుల షూటింగ్. ప్రాంప్టింగ్ అవసరం లేకుండా పొడవైన సంభాషణలను ఒకే టేకులో చెప్పినందుకు సెట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత డబ్బింగుకు పిలుస్తారని మూడు నెలలు ఎదురుచూశాను. పిలుపు రాలేదు. ట్రైలర్ వచ్చిన రోజు నా పెదవుల కదలికకు మరొకరి గొంతు వినిపించింది. కారణం అడిగితే, నా మాటలో తెలంగాణ యాస, ఉర్దూ విరుపు కలిసిపోయాయని, అన్ని జిల్లాల ప్రేక్షకులకూ అది నప్పదని చెప్పారు. ఆ పాత్ర హైదరాబాదు అమ్మాయిదే కావడం నన్ను మరింత బాధపెట్టింది. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పదలచుకోలేదు. వారి మీద ఫిర్యాదు చేయడానికి ఈ ప్రశ్న రాయడం లేదు.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. ఆరు నెలల కిందట పారిస్ నుంచి వచ్చిన సినిమా విద్యార్థులు చార్మినార్ పరిసరాల్లో తీసిన లఘుచిత్రంలో నాకు చిన్న వేషం దొరికింది. అందులో నేను ఫ్రెంచిలో పలికినవి నాలుగే వాక్యాలు. అది చూసిన ఒక క్యాస్టింగ్ డైరెక్టర్, అంటే పాత్రలకు నటులను ఎంపిక చేసేవారు, నా షో రీల్ (నేను నటించిన మంచి సన్నివేశాలను కూర్చిన వీడియో) పంపమని కబురు చేశారు. నా దగ్గరున్న మంచి సన్నివేశాలన్నీ ఆ తెలుగు సినిమావే, వాటిలో గొంతు నాది కాదు. ఆ గొంతుతోనే పంపితే అబద్ధమాడినట్టవుతుంది, పంపకపోతే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఈ రంగం తెలిసిన పెద్దలను అడుగుతున్నాను. ఇకమీదట ఒప్పుకునే సినిమాల్లో నా గొంతే ఉండాలని అడిగే చొరవ నా స్థాయి నటికి తగినదేనా? మరో రెండు మూడేళ్లు ఇక్కడే ఉండి పేరు తెచ్చుకోవాలా, లేక దాచుకున్న డబ్బుతో ఇప్పుడే బయటి దేశంలో నటన శిక్షణకు వెళ్లాలా? తమిళమో స్పానిషో మరో భాష మొదలుపెట్టడం మేలా, ఉన్న నాలుగింటినే పదును పెట్టుకోవడం మేలా?


జవాబు: మైకు వెనక మనిషి

అమ్మా, నేను 22 ఏళ్లుగా ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ డబ్బింగ్ థియేటర్లలో నాయికలకు గొంతు ఇస్తున్నాను. నీ పాత్రకు గొంతు ఇచ్చిన అమ్మాయి కూడా నాలాంటిదే అయి ఉంటుంది కనుక ముందుగా ఆమె వైపు నుంచి ఒక మాట చెబుతాను. మమ్మల్ని పిలిచేటప్పుడు తెర మీది నటికి ఈ సంగతి తెలుసా, ఆమె ఒప్పుకున్నదా అన్నది మాకెవరూ చెప్పరు. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెర మీద పెదవుల కదలిక చూస్తూ, చెవుల్లో పైలట్ ట్రాక్, అంటే షూటింగులో రికార్డయిన నటి మాట, వింటూ మా పని మేము చేస్తాం. ఆ పైలట్ ట్రాక్‌లో వినిపించే గొంతే పాత్రకు బాగుందని నాకు ఎన్నోసార్లు అనిపించింది. రెండుసార్లు ఆ మాట దర్శకులతోనే అన్నాను. ఒకసారి విన్నారు.

ఈ పద్ధతి ఎందుకు పాతుకుపోయిందో నీకు తెలియాలి, ఎందుకంటే బయటి దేశాల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. మన దగ్గర చాలాకాలంగా షూటింగులో రికార్డయ్యే మాటను ఆనవాలుగానే చూస్తారు. జనరేటర్ చప్పుడు, పక్కన నిలబడి సంభాషణ అందించే సహాయ దర్శకుడి గొంతు, తోటి నటుడు వేరే భాషలో చెప్పే మాటలు అన్నీ అందులో కలిసి ఉంటాయి. అసలు మాట తర్వాత థియేటర్లో పుడుతుంది. ఈ వెసులుబాటు ఉన్నందువల్లే బొంబాయి నుంచి, బెంగళూరు నుంచి, కేరళ నుంచి నాయికలు తెలుగు రాకుండానే వచ్చి ఇక్కడ పెద్ద తారలయ్యారు, వారి వెనుక సరిత, రోజారమణి, సునీత, చిన్మయి వంటి గొప్ప గొంతులు నిలిచాయి. అది తక్కువ కళ కాదు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారిణులకు విడిగా బహుమతి ఉండేది. అయితే ఇంగ్లీషు, ఫ్రెంచి నిర్మాణాల్లో సింక్ సౌండ్ మామూలు పద్ధతి. సెట్లో నువ్వు పలికిందే చివరిదాకా ఉంటుంది, మధ్యలో కొన్ని ముక్కలు మళ్లీ చెప్పించినా అవి నీ చేతనే చెప్పిస్తారు. అందుకే నీ గొంతు వినకుండా వాళ్లు నిర్ణయం తీసుకోలేరు.

భాష మారినప్పుడు మన పెద్ద తారలు కూడా ఈ గండం దాటవలసి వచ్చింది. జయప్రద గారి సంగతి తీసుకో. కె. విశ్వనాథ్ గారి ‘సిరిసిరిమువ్వ’ 1976లో వచ్చింది. అందులో నాయిక మూగది. అదే కథను 1979లో ‘సర్గమ్’ పేరుతో హిందీలో తీసినప్పుడు భాష రాకపోయినా ఆమెకు అడ్డం లేకపోయింది. ఆ విజయం తర్వాత మాట్లాడే పాత్రలు చేయాలంటే హిందీ నేర్చుకోక తప్పలేదు, 1982 నాటి ‘కామ్‌చోర్’ దాకా సమయం పట్టింది. శ్రీదేవి గారు 1983లో ‘హిమ్మత్‌వాలా’తో హిందీలో తారాపథానికి ఎదిగినా చాలా ఏళ్లు ఆమెకు ఇతరులే గొంతు ఇచ్చారు. 1986 నాటి ‘ఆఖ్రీ రాస్తా’లో ఆ గొంతు రేఖ గారిది. 1989లో ‘చాందినీ’కి ఆమె తానే చెప్పుకున్నారు. అంత గొప్ప నటికే అన్నేళ్లు పట్టిందంటే నీ నిరాశ ఎంత సహజమో చూడు.

యాస గురించి వాళ్లు చెప్పిన కారణాన్ని నేను అంగీకరించను. 2017లో ‘ఫిదా’ వచ్చినప్పుడు బాన్సువాడ అమ్మాయి పాత్రకు సాయిపల్లవి తానే డబ్బింగ్ చెప్పుకున్నారు. ఆమె నీలగిరుల్లోని కోటగిరి నుంచి వచ్చిన, ఇంట్లో బడగ భాష మాట్లాడే అమ్మాయి, జార్జియా దేశంలోని తిబిలిసిలో వైద్యం చదివారు. ఆమె పలికిన తెలంగాణ తెలుగును అన్ని జిల్లాల వారూ నెత్తిన పెట్టుకున్నారు. నిత్యా మేనన్ 2011లో ‘అలా మొదలైంది’కి, కీర్తి సురేశ్ 2018లో ‘మహానటి’కి తమ గొంతే ఇచ్చారు. ఇద్దరివీ మలయాళీ మూలాలు. ఈ భాషలోనే పుట్టిన నీ గొంతు పనికిరాదంటే నేను నమ్మను.

ఇక అడగవచ్చా అన్న నీ ప్రశ్నకు నా సమాధానం, తప్పకుండా అడగాలి, కానీ సంతకానికి ముందే అడగాలి. ‘నా పాత్రకు నా గొంతే వాడాలి’ అని పట్టుబడితే కొత్త నటికి పాత్ర చేజారే ప్రమాదం ఉంది. దానికి బదులు, వాయిస్ టెస్ట్ చేయకుండా వేరే గొంతు పెట్టకూడదని, పెట్టదలిస్తే ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలని అడుగు. సినిమా విడుదలయ్యాక నీ సన్నివేశాలు మూడింటిని షో రీల్ కోసం పైలట్ ట్రాక్‌తో సహా ఇవ్వాలని కూడా రాయించుకో. దీనికి చాలామంది నిర్మాతలు ఒప్పుకుంటారు, ఎందుకంటే వారికి ఖర్చేమీ లేదు. పైలట్ ట్రాక్ నిర్మాత ఆస్తి కనుక అనుమతి లేకుండా ఎడిటింగ్ గదిలో ఎవరినో అడిగి తెచ్చుకోవద్దు. ఇప్పుడు యంత్రంతో గొంతును అనుకరించే రోజులు వచ్చాయి కాబట్టి, నీ గొంతు నమూనాను ఏఐకి వాడకూడదన్న వాక్యం కూడా ఒప్పందంలో చేర్చమను. అమెరికాలో నటీనటుల సంఘం 2023లో 118 రోజులు సమ్మె చేసినప్పుడు వారి ప్రధానమైన డిమాండ్లలో ఇది కూడా ఉంది.


జవాబు: తార్నాక మాస్టారు

అమ్మాయీ, నేను ధ్వనిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. నీ యాసను లోపంగా చూసినవారు ఒక సంగతి గమనించలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నువ్వు ఫ్రెంచి వైపు వెళ్లదలచుకుంటే, నిన్ను తిరస్కరించడానికి కారణంగా చూపిన ఆ ఉర్దూ విరుపే నీకు పెద్ద సాయం చేస్తుంది.

ఫ్రెంచి వారి ‘ర’ నాలుక కొనతో పలికే ధ్వని కాదు. నాలుక వెనుక భాగాన్ని కొండనాలుక దగ్గరకు తీసుకువెళ్లి, గాలిని రాపిడితో వదిలితే అది పుడుతుంది. తెలుగు మాత్రమే తెలిసినవారు దానికోసం నెలల తరబడి కష్టపడతారు. ఉర్దూలో ‘గరీబ్’ అనే మాటలోని మొదటి ధ్వని, అంటే ‘ఘైన్’ అక్షరం, దానికి దగ్గరి చుట్టం. పైగా మన నగరంలో దగ్గర అనే అర్థమున్న ‘కరీబ్’ను ‘ఖరీబ్’ అని, గొంతు లోపలి నుంచి గాలి ఒరిపిడితో పలుకుతారు. ఉత్తరాది వారు దీన్ని హైదరాబాదీల తప్పుగా ఎత్తిచూపుతారు గానీ, ఆ అలవాటు వల్ల నీ నాలుక వెనుక భాగానికి చిన్ననాడే శిక్షణ దొరికింది. ‘హాఁ’, ‘మాఁ’ వంటి మాటల్లోని ముక్కుతో పలికే అచ్చులు ఫ్రెంచిలో అడుగడుగునా ఉంటాయి. ఇవన్నీ నువ్వు మెహదీపట్నం వీధిలో ఉచితంగా సంపాదించుకున్నవి.

నీకు ఇబ్బంది వచ్చేది మరో చోట. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి, బస్సు, కారు అని ఇంగ్లీషు మాటలకు కూడా మనం అచ్చును తగిలించుకున్నాం. ప్రశాంతంగా మాట్లాడినప్పుడు చదువుకున్నవారిలో ఇది కనిపించదు, కానీ కోపంతోనో ఏడుపుతోనో సంభాషణ చెప్పేటప్పుడు ఆ చివరి అచ్చు తొంగిచూస్తుంది. నటికి భావోద్వేగమే పని కనుక సాధన అంతా ఆ స్థితిలోనే జరగాలి. అద్దం ముందు కూర్చుని నెమ్మదిగా చదివితే ప్రయోజనం తక్కువ.

అంతకన్నా లోతైనది ఊనిక, అంటే వాక్యంలో ముఖ్యమైన మాటకు ఇచ్చే బలం. ‘నేనే చెప్పాను’ అని తెలుగులో ఒక ‘ఏ’కారం చేర్చితే చాలు, ఆ మాటను బిగ్గరగా పలకనక్కరలేదు. ఇంగ్లీషులో అదే భావానికి ‘ఐ’ అనే మాట మీద గొంతు బరువు పెట్టాలి, వాక్యంలో ఏ మార్పూ ఉండదు. ఫ్రెంచి వారు వాక్య నిర్మాణాన్నే మార్చి ‘సె మ్వా కి లే ది’, అంటే చెప్పినది నేనే, అంటారు. మూడు భాషలూ ఒకే కోపాన్ని మూడు చోట్ల దాచుకుంటాయి. మన నటులు ఇంగ్లీషు సంభాషణ చెప్పినప్పుడు ఉచ్చారణ బాగున్నా ఎక్కడో చప్పగా వినిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. వారు ‘ఏ’కారం కోసం లోలోపల వెతుకుతూ, అది దొరకక అన్ని మాటలనూ సమానంగా పలికేస్తారు. కాబట్టి ఒకే సన్నివేశాన్ని నాలుగు భాషల్లో రాసుకుని, ఊనిక ఎక్కడికి జరుగుతోందో గుర్తు పెట్టుకుంటూ రోజూ పలుకు. వచ్చే ఏడాదిపాటు అయిదో భాష జోలికి వెళ్లవద్దన్నది నా గట్టి సలహా.

అర్థం తెలియకుండా ధ్వనిని కంఠస్థం చేసి నటించినవారు లేరా అంటే ఉన్నారు. మలేషియాలోని ఈపోలో పుట్టిన మిషెల్ యో ఇంగ్లీషు, మలయ్ మాట్లాడుతూ పెరిగారు. 2000లో వచ్చిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’లో ఆమె మాండరిన్ సంభాషణలను ధ్వని ప్రకారం నేర్చుకుని పలికారు. 2023లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నది ఆమే. అది చేయగలిగిన పనే, కానీ చాలా శ్రమతో కూడినది, ఎందుకంటే తోటి నటుడు ఒక్క మాట మార్చినా కాలి కింద నేల కదిలిపోతుంది. బి2 స్థాయి నీకు ఆ భయం లేకుండా చేసింది, ఇంకొక మెట్టు ఎక్కితే అప్పటికప్పుడు మాట కల్పించుకుని నటించగలవు.

యాసను పూర్తిగా చెరిపేసుకోవాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ స్వీడన్‌లో పుట్టి, స్వీడిష్, జర్మన్, ఇంగ్లీషు, ఇటాలియన్, ఫ్రెంచి భాషల్లో నటించారు. 1939లో హాలీవుడ్‌కు వచ్చినప్పుడు పేరు మార్చుకోమంటే ఒప్పుకోలేదు. ఆమె ఇంగ్లీషులో స్వీడన్ జాడ చివరిదాకా నిలిచే ఉంది. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత, 1978లో, తిరిగి స్వీడిష్ భాషలో ‘ఆటమ్ సొనాటా’ చేశారు. మన నగరంలో పుట్టిన షబానా ఆజ్మీ తొలి విజయం కూడా ఇక్కడి యాసతోనే వచ్చింది. శ్యామ్ బెనగళ్ గారి ‘అంకుర్’లో, 1974లో, ఆమె దక్కనీ మాట పలికి జాతీయ పురస్కారం అందుకున్నారు.


జవాబు: ఫిల్మ్ సొసైటీ సభ్యుడు

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూ, ఇక్కడ ఉండాలా వెళ్లాలా అన్న ప్రశ్నకే పరిమితమవుతాను.

భాషలు దాటి నటించడం మనవారికి కొత్త కాదు. భానుమతి గారు 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తానే దర్శకత్వం వహించి, తానే నటించి తీశారు. వహీదా రెహమాన్ గారు 1955 నాటి ‘రోజులు మారాయి’లో నృత్యంతో కనిపించి, మరుసటి ఏడాదే హిందీకి వెళ్లారు. ఆరు దశాబ్దాల తర్వాత ఆమె నటించిన ‘ద సాంగ్ ఆఫ్ స్కార్పియన్స్’ అనే చిత్రంలో రాజస్థాన్ స్త్రీగా ప్రధాన పాత్ర వేసినది ఇరాన్‌కు చెందిన గోల్షిఫ్తే ఫరహానీ. పారసీకం, ఫ్రెంచి, ఇంగ్లీషులో నటించే ఆమె ఈ పాత్ర కోసం హిందీ నేర్చుకున్నారు. అయితే ఆమె దారి ఎంత కష్టమైనదో కూడా గుర్తుంచుకోవాలి. 2008లో అమెరికన్ చిత్రంలో నటించాక స్వదేశంలో ఇబ్బందులు ఎదురై, చివరకు ఫ్రాన్స్‌లో ప్రవాస జీవితం గడపవలసి వచ్చింది. నీకు తిరిగి రావడానికి ఇల్లుంది, ఊరుంది. ఆ వెసులుబాటును వాడుకో.

టబు మన నగరంలోనే పుట్టి చదువుకున్నారు. నాయికగా ఆమె తొలి చిత్రం 1991లో వచ్చిన తెలుగు ‘కూలీ నెం. 1’. మీరా నాయర్ ‘ద నేమ్‌సేక్’ 2006లో వచ్చింది, అంటే మధ్యలో 15 ఏళ్లు. ఈలోగా ఆమె తెలుగు, తమిళం, హిందీ, మలయాళం, బెంగాలీ చిత్రాల్లో నటించారు. ఆ బెంగాలీ పరిచయమే అమెరికాకు వలస వెళ్లిన బెంగాలీ ఇల్లాలి పాత్రకు పునాది అయిందని నా అభిప్రాయం. ఆ తర్వాత 2012లో ‘లైఫ్ ఆఫ్ పై’, 2024లో ‘డ్యూన్: ప్రాఫెసీ’ ధారావాహిక. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ హిందీ, తెలుగు, మలయాళం, తమిళం దాటి 2024లో దేవ్ పటేల్ ‘మంకీ మ్యాన్’లో కనిపించారు. వీరిద్దరిలో ఎవరూ ఒక్కసారిగా అన్నీ వదిలి వెళ్లలేదు.

నీకు అందరికన్నా దగ్గరగా ఉన్న ఉదాహరణ మాత్రం కని కుశ్రుతి. తిరువనంతపురం అమ్మాయి, త్రిశ్శూరు నాటక పాఠశాలలో చదివి, తర్వాత పారిస్‌లోని జాక్ లకాక్ నాటక పాఠశాలలో శిక్షణ పొందారు. అక్కడ మాటకన్నా ముందు శరీరానికి సాధన చేయిస్తారు. తిరిగి వచ్చి ఏళ్ల తరబడి చిన్న పాత్రలు చేశారు. 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ గెలిచిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’లో ఆమె మలయాళీ నర్సుగా నటించారు. అది ఫ్రాన్స్ వారితో కలిసి నిర్మించిన చిత్రం. అదే ఏడాది అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శించిన ‘గర్ల్స్ విల్ బీ గర్ల్స్’ కూడా అలాంటి ఉమ్మడి నిర్మాణమే, అందులో ఆమె హిందీ, ఇంగ్లీషు పలికారు. పారిస్‌లో చదివిన నటి అంతర్జాతీయ వేదిక మీదికి తన మాతృభాషలో వెళ్లిందన్న సంగతి నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

కాబట్టి శిక్షణకు వెళ్లాలన్న ఆలోచనను నేను కాదనను. దాచుకున్న డబ్బంతా ఒకే ఏడాది ఖర్చయ్యే పెద్ద కోర్సు బదులు ముందుగా కొన్ని వారాల వేసవి శిక్షణకు వెళ్లి, ఆ పద్ధతి నీకు సరిపడుతుందో లేదో చూసి రావడం మంచిది. వెళ్లేలోగా ఇక్కడ, ఇతర దేశాలతో ఉమ్మడి నిర్మాణంలో తీసే చిన్న చిత్రాల ఆడిషన్ల మీద కన్నేసి ఉంచు.


జవాబు: లండన్‌లో హైదరాబాదీ

నేను ఇక్కడ కళాకారుల వీసా పత్రాలు చూసే కార్యాలయంలో పనిచేస్తున్నాను. కాగితాల గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే ప్రతిభ ఉన్నవారు కూడా ఇక్కడే ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను.

ఈ రోజు నుంచే అన్నీ భద్రపరచుకోండి. ఒప్పందాలు, పారితోషికం అందిన రసీదులు, నాటక కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, తేదీ కనిపించే పత్రిక కత్తిరింపులు అన్నీ దాచండి. అమెరికాలో నటీనటులకు ఇచ్చే ఓ-1బి వీసాకు మీరు సొంతంగా దరఖాస్తు చేయలేరు, అక్కడి సంస్థ గానీ ఏజెంటు గానీ మీ తరఫున వేయాలి. మీకు ఈ రంగంలో ప్రత్యేక గుర్తింపు ఉందని రుజువులతో చూపాలి. మొదట మూడేళ్ల వరకు ఇస్తారు. తెలుగు, ఉర్దూ సమీక్షలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఫ్రాన్స్‌లో కళాకారులకు టాలెంట్ శ్రేణిలో నాలుగేళ్ల వరకు నివాస అనుమతి ఉంది. అక్కడి ప్రదర్శన కళాకారులు 12 నెలల్లో 507 గంటలు పనిచేస్తే, పని లేని రోజుల్లో భృతికి అర్హులవుతారు. ఇక్కడ లండన్‌లో క్యాస్టింగ్ డైరెక్టర్లు స్పాట్‌లైట్ అనే జాబితాలో వెతుకుతారు. అందులో చేరాలంటే వృత్తి శిక్షణో, వేతనం అందుకున్న పాత్రల అనుభవమో చూపాలి.

ఇంకొక మాట. పాస్‌పోర్టులో ఉన్న పేరు, తెర మీద పడే పేరు, సమీక్షల్లోని పేరు ఒకే అక్షరక్రమంలో ఉండేలా చూసుకోండి. ఒక సినిమాలో ఇంటిపేరుతో, మరో సినిమాలో ముద్దుపేరుతో పడితే, అవన్నీ ఒకే మనిషివని నిరూపించడానికే వారాలు పడుతుంది.


యూసుఫ్‌గూడ నటి

అక్కా, మాస్టారూ, మిగిలిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఇన్నాళ్లూ నా ఉర్దూ విరుపును దాచుకోవాలని ప్రయత్నిస్తూ వచ్చాను, మాస్టారి జవాబు చదివాక నిన్న రాత్రి ‘గరీబ్’ అనే మాటను, ఫ్రెంచిలో వీధి అనే అర్థమున్న ‘ర్యు’ను పక్కపక్కన పెట్టి చాలాసేపు పలికి చూశాను. రెండూ ఒకే చోటు నుంచి వస్తున్నాయి.

నిర్మాణ సంస్థకు ఈ ఉదయం మర్యాదగా ఉత్తరం రాశాను. నా మూడు సన్నివేశాలను పైలట్ ట్రాక్‌తో ఇవ్వగలరా అని అడిగాను. రెండు వారాల్లో జవాబు రాకపోతే వాటిని రీల్‌లో పెట్టను. కొత్తగా సెల్ఫ్ టేప్‌లు, అంటే నేనే రికార్డు చేసుకున్న నటన వీడియోలు, చేసి పంపుతాను. ఒకే సన్నివేశాన్ని తెలుగు, దక్కనీ, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో చేయాలనుకుంటున్నాను. అక్క, తమ ఇంటి తలుపు దగ్గర నిలబడి, తాను వెళ్లిపోతున్నానని చెల్లెలికి చెప్పే సన్నివేశం. తెలుగు భాగాన్ని మా ఇంటి నల్లగొండ మాటలోనే చెప్పాలా, లేక పత్రికల తెలుగులో చెప్పాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. భాష తెలియని ఫ్రెంచి వారికి తేడా తెలియదు కదా అని ఒక స్నేహితురాలు అంటోంది. తమిళం, స్పానిష్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను.


మైకు వెనక మనిషి

ఇంటి మాటలోనే చెప్పమ్మా. మాటల అర్థం తెలియనివాళ్లు గొంతునే ఎక్కువగా వింటారు. నల్లగొండ మాటలో నీ ఊపిరి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగుతుందో నీకు ఆలోచించకుండానే తెలుసు. పత్రికల తెలుగులో చెబితే వాక్యం సరిగా వచ్చిందా లేదా అని నీ కళ్లు వెతుకుతాయి, కెమెరా దాన్ని పట్టేస్తుంది. ఫోనులో రికార్డు చేసేటట్టయితే ఫ్యాను ఆపి, కిటికీ మూసి, మైకును కాలరుకు పెట్టుకో. యూసుఫ్‌గూడలో రాత్రి పదకొండు దాటాక బండ్ల చప్పుడు కాస్త తగ్గుతుంది. మొదట ఫ్రెంచి టేకు చేయి, దానికే శక్తి ఎక్కువ కావాలి. తెలుగు టేకును ఆఖరున పెట్టుకో.